పిడి విప్పకుండా

ఇరవై ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్న పగని లోర్నా ఆ శనివారం లూయిస్‌టౌన్ తుపాకుల సంతలో తీర్చుకుంది.

పగంతా ఒక్క మనిషి మీదే. మూడో వరసలో మడత బల్ల వేసుకుని కూర్చునే ముసలాయన మీద. ఎక్కడో దూరం నించి వస్తాడు, అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరూ డీకన్ అంటారు. పాత రివాల్వర్ చేతిలో పెడితే చాలు, అసలుదో నకిలీదో డబ్బు తీసుకోకుండా చెబుతాడు. మోంటానా రాష్ట్రంలో ఆయన మాటకి తిరుగులేదు.

ఆ మాటే లోర్నా తండ్రిని నిలువునా ముంచింది.

అప్పుడు లోర్నాకి తొమ్మిదేళ్ళు. నాన్న వేడ్ వేలు పట్టుకుని ఇదే సంత హాల్లో నిలబడింది. నాన్న గుడ్డలో చుట్టిన నికెల్ పూత రివాల్వర్ బల్ల మీద పెట్టి, మా తాతల నాటిదన్నాడు. పక్కనే పోలీసువాడు, షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ ఒకడు కాఫీ తాగుతూ వింటున్నాడు.

డీకన్ రివాల్వర్ చూశాడు. తలెత్తి నాన్నని చూశాడు. తరవాత కిందికి, లోర్నాని చూశాడు.

"నకిలీది. నంబరు ఎవడో చెరిపి మళ్ళీ కొట్టాడు. ఇంటికి పట్టుకుపో, ఇంకెవరికీ చూపించకు," అన్నాడు.

డిప్యూటీ నవ్వేసి పక్క బల్ల దగ్గరికి పోయాడు. నాన్న మొహం పాలిపోయింది. గబగబా గుడ్డ చుట్టేశాడు. ముడి కూడా వెయ్యలేదు.

ఊళ్ళో వాళ్ళు ఆయనకి రేకు తుపాకి వేడ్ అని పేరు పెట్టారు. ఆయన మళ్ళీ ఏ సంత గుమ్మమూ తొక్కలేదు. తల దించుకునే బతికాడు, పోయిన చలికాలం తల దించుకునే పోయాడు.

లోర్నా పంతం పట్టి ఈ విద్య నేర్చుకుంది. పూత మళ్ళీ వేస్తే అక్షరాల అంచులు ఎలా అరుగుతాయో నేర్చుకుంది. ఇనుము మీది నంబరే పిడి చెక్క లోపల పెన్సిల్‌తో రాసి ఉంటుందని, ఆ చెక్క విప్పకుండా ఎంతటివాడూ తేల్చి చెప్పకూడదని నేర్చుకుంది.

ఆ రోజు డీకన్ పిడి విప్పలేదు. భూతద్దం తియ్యలేదు. అంటే కావాలని అబద్ధమాడాడు. లేనివాడి చేతిలో మంచి వస్తువుంటే ఓర్వలేకపోయాడు, అంతే.

ఆ శనివారం లోర్నా హాలు నిండేదాకా ఆగి, నాన్న రివాల్వర్ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

డీకన్ బొటనవేలు తిన్నగా పిడి కిందున్న చిన్న సొట్ట మీదికి వెళ్ళి ఆగింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా నాన్నది. వేడ్ ప్రూయిట్."

"ఉన్నాడా?"

"పోయాడు."

ముసలాయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నకిలీదేనమ్మా," అన్నాడు చివరికి.

"పిడి విప్పకుండానే తెలిసిపోయిందా, పెద్దాయనా?"

గొంతు పెంచే అడిగింది. జనం ఇటు తిరిగారు. ఆమె జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చెక్కలు విప్పి, లోపలి పెన్సిల్ నంబరు అందరికీ చూపించింది. ఫ్యాక్టరీ నించి తెప్పించిన ఉత్తరం విప్పి పైకి చదివింది. ఇదే నంబరు, ఇదే నికెల్ పూత, 1909లో తయారైంది. డెన్వర్ నించి వచ్చిన వ్యాపారి ఒకడు భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, నిఖార్సైన సరుకన్నాడు.

ముసలాయనకి చత్వారం ముదిరింది, ఇంక బల్ల మడిచేస్తే మంచిదని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

లోర్నాకి అదీ చాలలేదు.

"కళ్ళు బాగానే ఉన్నాయి, బుద్ధే పాడు. నీ ఒక్క మాటకి మా నాన్న చచ్చేదాకా తలెత్తలేదు. ఇవాళ నీ వంతు."

డీకన్ భూతద్దం డబ్బాలో పెట్టుకున్నాడు. బల్ల మడిచాడు. పోతూ పోతూ ఆమె దగ్గర ఆగాడు.

"ఆ ఉత్తరం పొయ్యిలో పడెయ్యమ్మా. నీ మంచికే చెబుతున్నా."

ఇంకా పొగరు చావలేదనుకుంది లోర్నా. ఆయన ట్రక్కు గేటు దాటేదాకా చూసింది. ఇన్నేళ్ళకి కడుపు చల్లబడింది.

డెన్వర్ వ్యాపారి అక్కడికక్కడే కొంటానన్నాడు. కాకపోతే కొనేముందు గుమ్మం దగ్గర షెరీఫ్ మనుషులకి నంబరు చూపించుకోవడం తన అలవాటన్నాడు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆనాటి కాఫీ డిప్యూటీయే. పేరు బర్డెట్. ఇప్పుడు జుట్టంతా నెరిసింది.

నంబరు కొట్టాడు. తెర చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"దొంగసొత్తమ్మా ఇది. ఇరవై ఏడేళ్ళ కిందట జోర్డాన్ ఊరి దగ్గర ఒక పశువుల రాంచ్‌లో పోయింది. కంచెల పనికి వచ్చినవాళ్ళలో ఎవరో తీశారని రాసి ఉంది."

లోర్నాకి గుర్తొచ్చింది. ఆ వేసవి నాన్న కంచెల పనికి వెళ్ళింది జోర్డాన్‌కే. ఆ రోజు నాన్న మొహం పాలిపోయింది అవమానంతో కాదు.

"డీకన్ అప్పుడే అసలుదని చెప్పుంటే నంబరు నేనే రాసుకునేవాణ్ణి. మీ నాన్నకి నీ ముందే బేడీలు పడేవి," అన్నాడు బర్డెట్ మెల్లిగా.

"ఎవరి రాంచ్ అది?"

అతను తెర ఆమె వైపు తిప్పాడు.

సొత్తు పోగొట్టుకున్నవారి పేరు హాల్వర్ స్టెన్స్‌రూడ్ అని ఉంది, దాని కింద, జనం పిలిచే పేరు అన్నచోట, డీకన్ అని ఉంది.