సున్నా యాడుండాది

కేశవయ్య కలానికి మూత పెట్టి, సంజాయిషీ కాగితం ఆంజనేయ వైపు జరిపాడు.

"నువ్వే రాయప్పా. తప్పు నాదని నా చేత్తో రాయలేకుండాను."

రాజధాని వచ్చినాక కర్నూలులో ఇండ్లు చాలక, వీళ్ళ చెరువుల లెక్కల ఆఫీసు గుడారంలో నడుస్తోంది. పొద్దున్నుంచీ గుడ్డ మీద వాన చప్పుడు. బోయవంక చెరువుకు వేయబోయే కట్ట ఎత్తు లెక్కలో ఐదడుగులు తగ్గిందని ఇంజనీరు పట్టుకున్నాడు. మన్ను కట్ట మీదుగా నీళ్ళు పొర్లితే గంటలో కట్టే మిగలదు. తప్పెవరిదో సాయంత్రంలోగా తేలకపోతే కేశవయ్య ఉద్యోగం ఊడుతుంది. పింఛనుకు ఇంకా పది నెలలున్నాయి. తనకు పని నేర్పిన మనిషని ఆంజనేయ తప్పు వెతకడానికి కూర్చున్నాడు.

అక్కడ పనంతా చీటీల మీదే. కట్ట ఎత్తు తేల్చే గుమాస్తాకు వరద నీటి ఎత్తు కావాలంటే మూడు అంకెలు చీటీ మీద రాసి కేశవయ్యకు పంపుతాడు. కేశవయ్య, లెక్క వరస అంతా రాసి ఉన్న నమూనా కాగితం ప్రకారం లెక్క కట్టి, జవాబు ఒక్కటే తిప్పి పంపుతాడు. ఆ లెక్క ఏ ఊరిదో కేశవయ్యకు తెలియదు. ఆయన దాన్ని ఎట్లా కట్టాడో ఆ గుమాస్తాకు తెలియదు.

ఆంజనేయ చివరి చీటీ నుంచి ఒక్కొక్కటే వెనక్కి సరిచూసుకుంటూ వచ్చాడు. కూడికలు సరే. గుణకారాలూ సరే.

బంట్రోతు చిన్న ఈరన్న తడిసి ముద్దై లోపలికొచ్చాడు. పత్తికొండ పక్క నిన్నటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదని బస్సు డ్రైవరు చెప్పాడట.

"మీ అత్తగారూరు ఆ పక్కే కదప్పా. మూడేండ్ల కరువు తీరె, పో."

ఆంజనేయ నవ్వాడు. భార్య భీమమ్మ కాన్పుకు పుట్టింటికి, గుండ్లవంకకు పోయి రెండు నెలలైంది. మగబిడ్డ. ఎండాకాలంలో చెరువుకు కొత్త కట్ట వేశారు గానీ చుక్క నీళ్ళు లేవనీ, తమ ఇల్లు కట్ట కిందే కాబట్టి చెరువు నిండిన రోజే బిడ్డను తొట్లలో వేస్తామనీ జాబు రాయించింది.

"తొట్లకు తాళ్ళు కొనుక్కోప్పా ఇంక" అన్నాడు కేశవయ్య, ఆ దిగుల్లోనే.

కాసేపటికి ఆంజనేయ వేలు ఒకచోట ఆగింది.

"అన్నా, నీ లెక్కలో సున్నా యాడుండాది?"

"గట్టు మీది గుర్తురాయి కాడ. నమూనాలో అట్లే ఉండాది."

"చీటీ పంపినోనికి సున్నా వంక అడుగున ఉండాది. రాయి ఆ వంక నేలకు ఐదడుగుల పైన ఉండాది. నువ్వు రాయి నుంచి తొమ్మిదంటివి. వాడు వంక నేల నుంచి తొమ్మిదనుకున్యాడు."

కేశవయ్య నమూనా కాగితం తీసి ఆంజనేయ ముందు పెట్టాడు.

"నమూనా నేను చేసింది కాదప్పా."

"తెలుసు. నేను చేసింది."

పని తొందరగా సాగాలని పోయిన ఏడాది ఆంజనేయే దాన్ని తయారు చేశాడు. ఇంజనీరు భుజం తట్టాడు కూడా. ఇప్పుడు సంజాయిషీ కాగితం ముందుకు లాక్కుని తన పేరే రాశాడు.

"బోయవంకలో ఇంకా తట్టెడు మన్నయినా పోయలేదు. కాగితం మీంద తప్పు కాగితం మీందనే దిద్దుదాం. నీ పింఛను నీకుంటాదిలే."

కేశవయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఇంతకు ముందు ఈ నమూనాతో ఇంకే చెరువుకైనా కట్ట వేసినారేమో చూడప్పా."

ఆ లెక్కతో కట్ట వేయడం పూర్తయినాక, చీటీ పంపిన గుమాస్తా నమూనా వెనక ఆ ఊరి పేరు రాసి పెట్టాలి. ఆంజనేయ నమూనా కాగితం తిప్పాడు.

ఒకటే పేరుంది, గుండ్లవంక.