చెవి బొమ్మ

"మీ ఇంట్లో ఈసారి ఎవరన్నా పరీక్ష రాస్తున్నారా?" అని ఫోర్‌మన్ అడిగాడు.

"లేదండీ," అన్నాడు మెషిన్‌మేన్.

ఒక్క మాట. నోట్లోంచి వచ్చేటప్పుడు దూదిలా వచ్చింది. ఆ తర్వాతే ముల్లయింది.

డాక్టరు సీట్లిచ్చే పరీక్షకు ప్రశ్నపత్రాలు అచ్చువేసే ప్రెస్సు అది. సొంత పిల్లలు పరీక్ష రాసే ఏడాది పనివాళ్ళు ఆ సంగతి కాగితం మీద రాసిచ్చి, అచ్చు పని అయ్యేదాకా పక్కకు తప్పుకోవాలి. అందరూ అలాగే తప్పుకుంటారు. ఈసారి కూతురు రాస్తున్నా ఈయన తప్పుకోలేదు. పెద్ద మెషిన్ ఇరవై రెండేళ్ళుగా తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు. ఇంకొకరు ముట్టుకుంటే మొరాయిస్తుంది. అయినా మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నేను చదివి ఉద్ధరించేదేముంది, అనుకున్నాడు.

చదవలేదు, నిజమే. కానీ ఒక కాగితం రోలర్ల మధ్య ఇరుక్కుంది. లాగాడు. అందులో చెవి బొమ్మ ఉంది. లోపల నత్తగుల్ల లాంటిదేదో చుట్ట చుట్టుకుని ఉంది. పక్కన మార్కుల చోట పది అని అంకె. బొమ్మకి అక్షరాలతో పనేముంది?

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కూతురి పుస్తకం తీశాడు. ఆమె బడికెళ్ళడం మొదలుపెట్టాక ఆయన ఆ పుస్తకాలు ముట్టింది లేదు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగాడు.

"ఇది చదివావా?"

"చెవా? కళ్ళు మూసుకుని గీసేస్తాను నాన్నా."

"అయినా ఇంకోసారి చూడు. దీన్నే చూడు."

కూతురు బొమ్మ వంక చూసింది. తండ్రి వంక చూసింది. పుస్తకం మూసేసింది.

జరిగింది అంతే. పరీక్షయ్యాక, ఎలా రాశావని ఊరందరూ అడిగారు. తండ్రి ఒక్కడే అడగలేదు.

ఫలితాలు ఇంకా రానేలేదు, ఇంట్లో మాత్రం ప్రయాణం హడావిడి మొదలైంది. భార్య రేకు పెట్టె కొనేసింది. దుప్పట్లకు అంచులు కుట్టింది. ప్రతి తువ్వాలు మూలకూ ఎర్రదారంతో గుర్తు వేసింది.

"హాస్టల్లో మంచివాళ్ళే ఉంటారు. తువ్వాళ్ళు మాత్రం ఉండవు," అంది.

"ముందు సీటు రానీ అమ్మా."

"రాకేం? డాక్టరు చదువు నీకు కాకపోతే మీ నాన్నకిస్తారా?"

ఆయన ప్రెస్సులో పారేసే కాగితం ముక్కలు అడిగి తెచ్చి, సమంగా కోసి, కూతురికి నోటు పుస్తకాలు కుడుతూ కూర్చున్నాడు. అడిగి తెచ్చిన కాగితమే. అయినా కుట్టిన ప్రతి పుస్తకమూ దొంగసొత్తులా కనిపించింది.

ఎదురింటి టైలరమ్మ ఎదురైతే మరీ ప్రాణసంకటం. ఆమె ఒక్కగానొక్క కొడుకూ అదే పరీక్ష రాశాడు.

"మీ అమ్మాయికేం అన్నయ్యా, వచ్చేసినట్టే. మావాడిదే అటా ఇటా అని ఊగుతోంది," అనేది.

ఆయన చెప్పులు సరిచేసుకునే నెపంతో తల వంచుకునేవాడు. పది మార్కులు. ఎవరి పిల్లల కంచంలోంచో తీసి తన కూతురి కంచంలో వడ్డించాడు. ఆ కంచం ఎవరిదో తెలియకపోతే కాస్త నయంగా ఉండేది.

రెండుసార్లు ఫోర్‌మన్ గది దాకా వెళ్ళాడు. రెండుసార్లూ నూనె డబ్బా అడిగి తెచ్చుకున్నాడు. ఇంట్లో ముద్ద దిగడం మానేసింది.

"పరీక్ష రాసింది అదా, మీరా?" అని భార్య నవ్వింది.

ఫలితాలు ఒక ఉదయం వచ్చాయి. కూతురు వీధి చివర కంప్యూటర్ షాపుకెళ్ళి చూసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పింది.

"నాలుగు మార్కుల తేడాతో సీటు పోయింది."

భార్య సర్దిన పెట్టె మీద అలాగే కూలబడింది. అంతలో టైలరమ్మ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"మావాడికి వచ్చిందన్నయ్యా. చిట్టచివరి సీటంట, అయినా వచ్చింది." తర్వాత వీళ్ళ ముఖాలు చూసింది. పిల్ల తల నిమిరి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మెషిన్‌మేన్ రెండు నెలల తర్వాత నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది సిగ్గుపడాల్సిన ఊపిరని ఆయనకీ తెలుసు. ఎదురుగా కన్నకూతురి కళ్ళు నిండి ఉన్నాయి, తన గుండె మీద బండ దిగిపోయింది. తను కలిపిన పది మార్కులతో కూడా అందలేదంటే, ఎవరి పిల్లల సీటూ తను లాక్కోనట్టే. ఎదురింటి దీపం ఎదురింట్లోనే ఉంది.

ఇక దాచుకోవడం ఎందుకనిపించింది. కూతుర్ని పెరట్లోకి పిలిచాడు. నీళ్ళ తొట్టి గట్టు మీద పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ రోజు పుస్తకం తీసి చూపించాను చూడు, చెవి బొమ్మ. అది నేను మెషిన్‌లో చూశానమ్మా. పరీక్షకు ముందే. ఇంట్లో ఎవరూ రాయడం లేదని అబద్ధమాడి మరీ లోపలున్నాను. రేపు ఫోర్‌మన్‌తో చెప్పేస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కానీ ఒకటి మంచి జరిగింది. నా పాపం ఎవరికీ తగల్లేదు. నా మూలంగా ఎవరి సీటూ పోలేదు."

కూతురు తండ్రి గోళ్ళ సందుల్లో ఎన్నిసార్లు కడిగినా పోని సిరా వంకే చూస్తూ కూర్చుంది.

"నువ్వు పేజీ తీసి చూపించిన రోజే నాకు తెలిసిపోయింది నాన్నా," అంది మెల్లగా, "అందుకే ఆ పది మార్కుల ప్రశ్న రాయకుండా వదిలేశాను."