శాతం గుర్తు చాటున

భార్య పోయిన పదహారో రోజున అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఆసుపత్రిలో ఎవరైనా అనుకోకుండా చనిపోతే నెలాఖరున ఒక సమావేశం పెడతారు. తప్పు ఎక్కడ జరిగిందో స్లైడ్లు వేసి చూపిస్తారు. ఆ స్లైడ్లు చేసేది ఎప్పుడూ అతనే. మిగతావాళ్ళు మౌసుతో రంగులూ బొమ్మలూ లాక్కొచ్చి అతికిస్తారు. అతనికది గిట్టదు. ఖాళీ ఫైలులో ఆదేశాలు టైపు చేస్తాడు. ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇక్కడ ఆగు, మీట నొక్కాక తర్వాతి వాక్యం చూపించు. చెప్పింది చెప్పినట్టు తెరమీదికి వస్తుంది.

ఆ సమావేశాల్లో పేర్లుండవు. నర్సంటే నర్సు, డ్యూటీ డాక్టరంటే డ్యూటీ డాక్టరు. పేరు ఫైలులో రాసి, ఆ వాక్యం ముందు ఒక శాతం గుర్తు పెడతారు. ఆ గుర్తున్న వాక్యం ఫైలులో ఉంటుంది, తెరమీదికి రాదు. ఇరవై ఏళ్ళుగా ఎందరి పరువో ఆ గుర్తు చాటున చల్లగా దాక్కుంది. దాచింది అతనే.

ఈసారి గుర్తు పెట్టలేదు.

భార్యకు జరిగింది పిత్తాశయంలో రాళ్ళకు చిన్న ఆపరేషను. మూడో రోజు మధ్యాహ్నం లోపల రక్తం కారడం మొదలైంది. నర్సు డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. రెండూ పదికి ఒకసారి, రెండుంబావుకి ఒకసారి, రెండున్నరకి ఇంకోసారి. చివరికి మనిషిని పరుగెత్తించింది. డాక్టరు వచ్చేసరికి మూడైంది. చేతులు కాలాయి, ఇక ఆకులెందుకు.

ఒక్కో ఫోనుకు ఒక్కో స్లైడు చేశాడు. 'డ్యూటీ డాక్టరు గారు అందుబాటులో లేరు' అని మొదట రాశాడు. చదువుకుని 'గారు' కొట్టేశాడు. 'అందుబాటులో లేరు' తీసి 'ఎత్తలేదు' అని పెట్టాడు.

అత్తగారు కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడకు చదువు రాదు గానీ ఏం జరుగుతోందో తెలుసు.

"ఆ ముఖం చూస్తే నాకే జాలేస్తోంది నాయనా. కన్నదాన్ని, నేనే వదిలేశాను."

"కన్నవాళ్ళు వదిలేస్తారత్తయ్యా. కట్టుకున్నవాడు వదలకూడదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు పెద్ద డాక్టరు గదికి పిలిపించారు. ఫైలు ఆయన కంటపడింది. తలుపు ఆయనే వేశారు, మంచినీళ్ళు కూడా ఆయనే పోశారు.

"ఆ గుర్తు పెట్టెయ్యి. ఈసారి పైనుంచి తనిఖీ ఆయన వస్తున్నాడు. పేరు చూశాడంటే లైసెన్సు నిలవదు."

"నిలవకూడదు."

"ఇన్నేళ్ళ సర్వీసయ్యా. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిన చెయ్యి అది!"

"పట్టుకోవాల్సిన రోజున ఫోను పట్టుకోలేదు."

"పగపట్టి ఏం బావుకుంటావు?"

"బావుకోవడానికి కాదు."

ఆయన ఇంకా చాలా చెప్పారు. చనిపోయిన మనిషి సంతోషిస్తుందా అన్నారు, బతికున్నవాళ్ళ సంగతి ఆలోచించమన్నారు, చివరికి బతిమాలారు. గోడకు చెప్పినట్టే అయింది. అతను నీళ్ళు ముట్టకుండానే లేచాడు.

నెలాఖరున హాలు నిండింది. ముందు వరసలో తనిఖీ అధికారి. ఇక్కడ ఎవరి ముఖమూ ఎరగని మనిషి. వెనక నర్సులు ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. పెద్ద డాక్టరు తల దించుకుని గోళ్ళు చూసుకుంటున్నారు.

అతను మీట నొక్కుతూ పోయాడు. మొదటి ఫోను, ఎత్తలేదు. రెండో ఫోను, ఎత్తలేదు. మూడో ఫోను, ఎత్తలేదు.

పదిహేడో స్లైడు: 'ఆ యాభై నిమిషాలూ డ్యూటీ డాక్టరు పై అంతస్తు గదిలో, ఫోను మోగకుండా నొక్కిపెట్టి, వేరే ఊళ్ళో ఇవ్వబోయే ఉపన్యాసానికి స్లైడ్లు చేసుకుంటున్నాడు.'

అతను మళ్ళీ మీట నొక్కాడు.

పద్దెనిమిదో స్లైడు మీద ఒక్క పేరే ఉంది, ఇంటిపేరుతో సహా.

తనిఖీ అధికారి ఆ పేరు పైకి చదివి, ఆ డాక్టరెవరో లేచి నిలబడమన్నాడు. తెర పక్కన, చేతిలో మైకుతో, అతను అప్పటికే నిలబడి ఉన్నాడు.