ఫిర్యాదు లేదు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే సువర్చల పరిశోధన వ్యాసాలు సరిచూస్తుంది. వంటింటి గోడే వాటిని ఆమెకు చదివి వినిపిస్తుంది. ఆమె అడ్డు చెప్పకపోతే అవి అచ్చుకు వెళ్తాయి. వాటిని బట్టే ఊళ్లో ప్రతి ఇంటి గోడా మనుషులకు మానసిక వైద్యం చేస్తుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అన్నీ నయమైన కథలే మరి!

"నూటికి తొంభైరెండుమందికి దిగులు నయమైంది," అంది గోడ.

"ఎలా తేల్చారు?"

"రోజూ పొద్దున్నే 'ఏమైనా బాధగా ఉందా?' అని అడిగామండీ. లేదన్నవాళ్లు ఎనిమిదిమంది. ఎనభైనాలుగుమంది అసలు నోరే విప్పలేదు. అంటే ఫిర్యాదు లేనట్టేగా."

సువర్చల కాయ పక్కన పెట్టి తలెత్తింది. ఎదురుగా చెల్లెలు వకుళ గోడకేసి చూస్తూ కూర్చుంది. వైద్యం మొదలుపెట్టిన నెలకే ఆమె మాట్లాడడం మానేసింది.

"మా వకుళ కూడా... ఇందులో ఉందా?"

"ఉన్నారండీ. అందరికంటే ముందు నయమైంది ఆవిడకే."

సువర్చల గోడవైపు తిరిగింది. వద్దు, ఆపు అనాలి. పెదవులు కదిలాయి గానీ గొంతు పెగల్లేదు.

గోడ కాసేపు ఎదురుచూసింది.

"మీకూ అభ్యంతరం లేదన్నమాట. థాంక్సండీ, అచ్చుకు పంపించేశాం."