వాకిలికి పచ్చగుడ్డ

"బాగానే ఉండావు గదా అత్తా. మరి గుడ్డ యాల కట్టలేదు?"

పొదుపు సంఘం భారతి వగరుస్తూ గడపలో నిలబడి అడిగింది. ఆమె వెనకే బీపీ మిషను పట్టుకుని నర్సు కృపాకుమారి. ఇద్దరూ ఊరి ఆ కొస నుంచి పరుగెత్తి వచ్చారు. సుంకమ్మ గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. శుభ్రంగా తల దువ్వి ముడి వేసుకుంది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"మరిచిపోతి," అంది.

"మరుపు గాదు ఇది. ఈ వారంలో మూడోసారి."

ఎండలు ముదరగానే ఆసుపత్రివాళ్ళూ సంఘం ఆడవాళ్ళూ కలిసి పెట్టుకున్న పద్ధతి అది. ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళు పొద్దున ఎనిమిది లోపల వాకిలి గొళ్ళేనికి పచ్చగుడ్డ కట్టాలి. పొద్దు గూకినాక విప్పేయాలి. గుడ్డ ఉంటే మనిషి బాగున్నట్టు, పొద్దున వీధులు తిరిగే సంఘం మనిషి చూసి వెళ్ళిపోతుంది. లేకపోతే ఎండదెబ్బకు లోపల పడిపోయారేమోనని సంఘం మనిషీ నర్సూ పరుగెత్తుకొస్తారు.

గుడ్డ కట్టిన రోజు సుంకమ్మ గడప ఎవరూ తొక్కరు.

కృపాకుమారి బీపీ చూసి, "నాకంటే నువ్వే బాగుండావు అవ్వా," అంది.

"ఈ చేతికి గూడా చూడు తల్లీ. రాత్రంతా ఒకటే గుంజుడు. కూచోండి, మజ్జిగ కలిపిస్తా."

"కూచునేదానికి పొద్దు యాడుండాది?" భారతి కసిరింది. "మేం ఈడ నీ మజ్జిగ తాగుతా ఉంటే, ఆడ ఇంకెవరన్నా పడిపోతే ఎవరు చూస్తారు? రేపట్నుంచి నీ పేరు కొట్టేస్తాండా. నువ్వు గుడ్డ కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే. ఎవరమూ రాము."

సుంకమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "అట్లనొద్దు భారతీ. ఒట్టు, రేపట్నుంచి కడతా."

"పోయినసారీ ఇదే ఒట్టు. తిరుపాలమ్మత్తను చూసి నేర్చుకో పో. మేం లేచేతలికే ఆమె వాకిలికి గుడ్డ కట్టి ఉంటుంది. ఒక్క దినమన్నా మమ్మల్ని పరుగులు పెట్టించిందా?"

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇల్లు మళ్ళీ ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది.

రేపు తాను నిజంగానే పడిపోతే? ఎన్నాళ్ళకు తెలుస్తుంది? వాసన వస్తేనే కదా వచ్చి చూసేది. సుంకమ్మ ఆ ఆలోచనను ముందుకు పోనివ్వకుండా కొంగు దులుపుకుని లేచింది. తిరుపాలమ్మ మాటంటే భారతికి గురి. ఆమెతో ఒక మాట చెప్పిస్తే పేరు ఉంచుతుందేమో. చెప్పించే ముందు నాలుగు మాటలు అని కూడా రావాలి.

గొర్రెల దొడ్డి దాటాక సందులో చివరి ఇల్లు తిరుపాలమ్మది. దగ్గరేసిన వాకిలికి పచ్చగుడ్డ బిగించి కట్టి ఉంది.

"ఏమక్కా, నువ్వు మంచిదానివై నా కొంప తీసినావు గదా," బయటినుంచే అందుకుంది సుంకమ్మ.

వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది.

"పలకవేం? నా మాదిరి మనుషులతో నీకు మాటలేంటికనా?"

వాకిలి నెట్టింది. వెలుతురులోంచి వచ్చిన కళ్ళకు ముందు ఏమీ కనబడలేదు. తర్వాత నీళ్ళ కడవ పక్కన నేల మీద తిరుపాలమ్మ కనబడింది. ఒక కాలు కిందికి మడుచుకుపోయి ఉంది. పెదాలు పొక్కి తెల్లబడ్డాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

సుంకమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసింది.

"గుడ్డ కట్టి లోపలికొస్తా పడితివా అక్కా?"

"ఈ పొద్దు గాదు. మొన్న, దీపాలు పెట్టే ఏళకు."

"మొన్ననా? మరి గుడ్డ?"

"కట్టినకాడ్నించి విప్పిందే లేదు. నేనెప్పుడన్నా మరిచిపోతే, పాపం మీరంతా పనులిడిచి పరుగెత్తాల్సొస్తాదని."

"కేక వేయకపోయినావా?"

"పిలుస్తానే ఉండా. గొంతు వాకిలి దాటలేదు. చెప్పుల చప్పుడు మాత్రం నిన్న పొద్దునా, ఈ పొద్దునా వచ్చె. వస్తారు, గుడ్డను చూస్తారు, పోతారు."