పున్నయ్య చెప్పని మాట

కొత్త ఇత్తడి బిందె చేజారి చెలమలో పడింది.

నాగులేటి ఇసకలో తవ్విన గుంట అది. ఊరందరికీ ఆ నీళ్ళే. కాపురానికొచ్చి రెండు నెలలైనా కాని సుబ్బరత్నం "అయ్యో!" అని, అంతలోనే నవ్వేసింది. పుట్టింటివాళ్ళిచ్చిన బిందె నీళ్ళలో బాతులా తేలుతోంది మరి.

ఏటి ఒడ్డున రాళ్ళు ఏరుకుంటున్న పున్నయ్య గుంటలోకి దిగాడు. బిందె నిండా ముంచి గట్టు మీద పెట్టాడు.

"నవ్వుతావేందమ్మాయ్? ఇందులోనే గొడ్లు కూడా తాగుతున్నయ్. నేను ప్రెసిడెంటుగా గెలిస్తే ఊళ్ళోనే బావి తవ్విస్తా. అప్పుడు నవ్వు."

"గెలువు బాబాయ్! నాకూ ఓటుంది."

దొరల కాలం అది; పన్ను కట్టేవాళ్ళకీ, చదువుకున్నవాళ్ళకీ తప్ప ఓటుండేది కాదు. ఆమెది చదువుకున్నందుకు వచ్చిన ఓటు. ఆ వీధిలో ఇంకే ఆడమనిషికీ లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి కొత్త చీర కట్టుకున్నట్టుండేది.

ఆమె ఇంటికొచ్చేలోగా ఏటి దగ్గర సంగతి ఎవరో చేరేశారు. అత్త రంగనాయకమ్మ బిందె దింపనివ్వలేదు.

"ఏమే, కిరస్తానం మనిషి ముట్టిన నీళ్ళు ఇంట్లోకి తెస్తావా? పారబోసి, చింతపండేసి తోము."

పున్నయ్య కిరస్తానమని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చాలా ఏళ్ళ కిందట ఎక్కడి నుంచో వచ్చి, ఊరవతల కిరస్తానాలుండే పాలెంలో చర్చి పక్కన పాక వేసుకున్నాడు. సమాధి రాళ్ళ మీద సిలువలు చెక్కుతాడు. నుదుట బొట్టుండదు. ఇంకేం కావాలి?

పంచాయతీ ప్రెసిడెంటు పదవికి ఆయన మీద పోటీ చేస్తున్నది సుబ్బరత్నం మామగారు వెంకట్రామయ్యే.

ఎన్నిక రోజున బడి ముందు జనం చేరారు. చేతులెత్తి తేల్చే ఎన్నిక. తాలూకా నుంచి వచ్చిన ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు.

వెంకట్రామయ్య లేచాడు.

"పున్నయ్యా, ఒక్కటే అడుగుతా. నువ్వు ఏ దేవుడికి మొక్కుతావు?"

"బావి సంగతి అడగండి, చెబుతా."

"బావి ఎక్కడికీ పోదు. నువ్వొస్తే శివరాత్రికి మా ప్రభ బండిని కోటప్పకొండ తిరునాళ్ళకి పోనిస్తావా?"

"ప్రభకి దారిలో బండలు అడ్డమొస్తే నేనే పగలగొట్టి తీస్తా."

"దేవుడి సంగతి చెప్పవయ్యా!"

"అది ఓటు కోసం చెప్పేది కాదు."

"చూశారా, నోరు పెగలట్లా!" అని ఎవరో అరిచారు. జనం గొల్లున నవ్వారు.

పున్నయ్యకి వేసేవాళ్ళు చేతులెత్తమన్నాడు ఆఫీసరు. పాలెం వాళ్ళ చేతులు లేచాయి. సుబ్బరత్నం చెయ్యి సగం లేచింది.

మగవాళ్ళలో నుంచి భర్త పుల్లయ్య ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

చెయ్యి దిగిపోయింది.

వెంకట్రామయ్య పేరు పిలిచినప్పుడు అదే చెయ్యి మళ్ళీ లేచింది. కొత్త గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి పున్నయ్య తలెత్తి చూశాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

వెంకట్రామయ్యే గెలిచాడు. ఆ తర్వాత బావి మాట ఎవరూ ఎత్తలేదు.

ఎండలు ముదిరేసరికి చెలమ నీళ్ళు పచ్చబడ్డాయి. ఊళ్ళోకి కలరా వచ్చింది.

ఒకనాడు తెల్లవారుతూనే పుల్లయ్యకి వాంతులు పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి కళ్ళు లోపలికి పోయాయి. అయినవాళ్ళంతా తలుపులేసుకున్నారు. బండి కోసం వెంకట్రామయ్య వీధిలో నిలబడి కేకలేస్తుంటే, పాలెం వైపు నుంచి పున్నయ్య బండి తోలుకొచ్చాడు.

"చూస్తారేంది పెద్దాయనా? కాళ్ళు పట్టండి."

గురజాల ఆసుపత్రి దాకా ఎడ్లని పరిగెత్తించాడు. బండిలో భర్త తల ఒళ్ళో పెట్టుకుని సుబ్బరత్నం నోరు విప్పింది.

"బాబాయ్, ఆ రోజు నా చెయ్యి..."

"చేతికేమైందిప్పుడు? వాడి తల గట్టిగా పట్టుకో అమ్మాయ్, గతుకులున్నయ్."

పుల్లయ్య బతికాడు.

వారం తిరక్కుండా అదే రోగంతో పున్నయ్య పోయాడు.

వెంకట్రామయ్య కోడల్ని వెంటబెట్టుకుని పాలెం వెళ్ళాడు. ఆయన ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. పాక ముందు పాస్టరు ఐజాక్ తల వంచుకుని కూర్చునున్నాడు.

"అయ్యగారూ, మీ పద్ధతి ఎట్లాగో అట్లానే చేయించండి. పెట్టెకి కర్ర నేనిస్తా. సిలువ ఎవరి చేత చెక్కించమంటారు?"

ఐజాక్ తల అడ్డంగా ఊపాడు.

"ఎన్నిక రోజు పొద్దున గడ్డం పట్టుకుని బతిమాలానయ్యా," అన్నాడు. "నిజం చెప్పెయ్, నిన్నే గెలిపిస్తారు అన్నా. 'చెబితే గెలుస్తా. రేపు నీ కొడుకు నిలబడితే వాడేం చెబుతాడు?' అన్నాడు. నన్ను కూడా నోరు విప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఏం నిజం అయ్యగారూ?" అంది సుబ్బరత్నం.

"మా చర్చి గడప ఏనాడూ తొక్కలేదమ్మా," అన్నాడు ఐజాక్, "దుర్గిలో శివలింగాలు చెక్కే ఇంటి బిడ్డ, మీవాడే."