అడ్డపొగ వెలుగు

ఏడాదికోసారి మెరుపు చుక్కలు వేయించుకోవడం ఆ పల్లెలో పోలియో చుక్కలంత మామూలైపోయింది. చుక్కలు మింగి, కాసేపాగి ఆరోగ్య కేంద్రంలోని చీకటి గదిలో కూర్చుంటే చాలు. ఒంట్లో క్యాన్సరు గడ్డ ఎక్కడ మొలకెత్తినా అక్కడ ఎర్రగా వెలుగుతుంది. ఈ చుక్కలు రాకముందే అప్పలసూరి భార్య అంగిట్లో గడ్డ లేచి చనిపోయింది. చుట్టకు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆమెకు నేర్పింది అతని అక్క పైడితల్లే. ఆ సంగతి అతను మరవలేదు, క్షమించలేదు. అయినా ఈసారి అక్కను తనే లాక్కొచ్చాడు.

నర్సు దీపం ఆర్పింది. పైడితల్లి బుగ్గలు రెండూ ఎర్రగా వెలిగాయి.

"అప్పా" అన్నాడు అప్పలసూరి. అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పైడితల్లి నోట్లోంచి కాలుతున్న చుట్ట తీసింది. "ఏట్రా, అలాగైపోతన్నావు? సీకట్లో ఊరికే కూకోమంటే నాకేటి తోస్తాది?"

నర్సు నవ్వాపుకుని నోరు తెరవమంది. అంగిట్లో ఆవగింజంత వెలుగు మిగిలే ఉంది.

"నిప్పురవ్వ అంటుకుండిపోనాది గావాల" అంది పైడితల్లి, ఈసారి మెల్లగా.

"రవ్వ కాదమ్మా, గడ్డే. ఇంత చిన్నది గనక రేపే తీసేస్తారు. బతికిపోయావు" అంది నర్సు.

బయటికొచ్చాక పైడితల్లి అలవాటుగా తమ్ముడి ముందు చెయ్యి చాపింది. "అగ్గిపెట్టియ్యరా."

అప్పలసూరి జేబులోని అగ్గిపెట్టె తీసి మురిక్కాలువలో పారేశాడు.

"ఎలుతురు కావాలంటే నోరు తెరుసుకో" అన్నాడు.